కదపకూడని రథం

హలో, హలో... వినపడుతోందాండీ? నోవై వాళ్ళు, నేపర్‌విల్ వాళ్ళు, అందరూ లైన్లోకి వచ్చారా? నేను హనుమయ్యని. అమెరికాలో ఓ చైనాటౌన్ సందులో కూరగాయల కొట్టులో పని. ఊరి పేరు చెప్పను. మా కౌన్సిలర్ బెనెట్ గారికి పబ్లిసిటీ గిట్టదు. ఆ సంగతి ఆయన పదహారు పోస్టర్ల మీద వేయించారు.

ఆ మహానుభావుడు మే నెలలో మా సందులో మైకు పట్టుకుని ప్రకటించారు.

"ఇక్కడి సామాన్య జీవితం అమూల్యం! ఇకమీదట ఇందులో ఒక్క వస్తువూ కదలదు!"

అందరం చప్పట్లు కొట్టాం.

మర్నాడు హెరిటేజ్ ఆఫీసర్ వచ్చింది. మన పిల్లే, పేరు ప్రణీత, ఫార్మింగ్టన్ హిల్స్‌లో పెరిగింది. కనపడినదల్లా ఫోటో తీసి నంబర్ స్టిక్కర్ వేసింది. వాంగ్ మామ్మ తీగ మీద ఎండబెట్టుకున్న ఆకుకూర నంబర్ ఏడు. ఇక ఆవిడ ఆ కూర వండుకోవాలంటే అదే సైజు కట్ట అక్కడ తగిలించాలి. లౌ తాత ఆరేసుకున్న పైజమా నంబర్ పన్నెండు. గోడవారన చైనా చదరంగం బల్ల, బిళ్ళలతో సహా, నంబర్ పదమూడు.

అక్కడే చిక్కొచ్చింది. ఆ బల్ల మీద లౌ తాత, క్వాక్ తాత రోజూ ఆడతారు. పదకొండేళ్ళుగా లౌ తాత ఓడిపోతూనే ఉన్నాడు. ఆరోజు మాత్రం రథం బిళ్ళని ఒక్క అడుగు జరిపితే క్వాక్ తాతకి ఆట కట్టు. లౌ తాత చెయ్యెత్తాడు. ప్రణీత స్టిక్కర్ వేసేసింది.

"ఆ ఒక్క బిళ్ళా జరపనీయమ్మా," అన్నాను.

"సారీ అంకుల్. 'ఆట జరుగుతోంది' అని ఎంటర్ చేశాను."

"జరుగుతోందని రాసి జరగనివ్వవా?"

"జరిగితే అయిపోతుంది కదా అంకుల్!"

చదువంటే అదీ.

"ఇంకో బోర్డు మీద ఇలాగే సర్దుకుని ఆడేసుకోండయ్యా," అన్నాను క్వాక్ తాతతో.

"నకలు మీద ఓడిపోవడం నాకిష్టం లేదు. అసలు మీదైతే ఎప్పుడైనా రెడీ," అని తీరిగ్గా టీ చప్పరించాడు.

లౌ తాత అప్లికేషన్ పెట్టాడు. ఒక బిళ్ళ, ఒక అడుగు, మూడు కాపీలు. స్టడీ కావాలన్నారు. ఇద్దరు ఇంజనీర్లు టేపుతో వచ్చి ఆ అడుగు రెండంగుళాలని తేల్చారు. హియరింగ్‌లో క్వాక్ తాత గద్గద స్వరంతో సాక్ష్యం చెప్పాడు. "మా సంస్కృతితో ఆటలాడొద్దు సార్!"

అప్లికేషన్ కొట్టేశారు. లౌ తాత రోజూ పొద్దున్నే వచ్చి బల్ల ముందు కూర్చుని రథాన్ని చూస్తూ ఉండేవాడు.

"నాకు ఎనభై రెండు, హనుమా. ఒక్కసారి వాణ్ణి గెలిచి పోతానయ్యా."

సెప్టెంబర్‌లో ఈ పథకం ప్రారంభోత్సవానికి కౌన్సిలర్ గారు వచ్చారు. "సామాన్యుడిలా కూర్చోండి సార్," అన్నాడు ఫోటోగ్రాఫర్. అందుకని సామాన్యుడైన లౌ తాతని లేపి, ఆ కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టారు. "ఆడుతున్నట్టు పెట్టండి సార్." కౌన్సిలర్ గారు ఎంతో వినయంగా లౌ తాత రథాన్ని ఎత్తి, ఫోటోలో బాగా పడేచోట పెట్టారు.

లౌ తాత కేక పెట్టాడు.

"అమ్మాయ్, కదిపేశారే!" అన్నాను.

"కౌన్సిలర్ కదిపితే ఆల్టరేషన్ కాదంకుల్, ఇనాగరేషన్," అని ప్రణీత కొత్త ఫోటో తీసి, కొత్త స్టిక్కర్ వేసింది.

క్వాక్ తాత బల్ల మీదికి వంగి చూశాడు. ఇప్పుడు ఎత్తు ఆయనది. గుర్రాన్ని దూకిస్తే లౌ తాతకి ఆట కట్టు.

"అమ్మా, నాకో అప్లికేషన్ ఫారం ఇస్తావా?" అన్నాడు.

లౌ తాత గబగబా వచ్చి బల్లకి అడ్డంగా రెండు చేతులూ చాపాడు.

"ముట్టుకుంటే కేసు పెడతా! ఇది మా తాతలనాటి సంస్కృతి!"

కౌన్సిలర్ గారి కళ్ళు చెమర్చాయి. ఆ నెల ఆయన ఉత్తరం ఇంటింటికీ వచ్చింది: "మొదట అభ్యంతరం చెప్పిన పెద్దాయన కూడా ఇప్పుడు ఈ పథకానికి కాపలా ఉంటున్నారు."

అదండీ సంగతి. ఈ కాల్ రికార్డింగు మీ గ్రూపుల్లో అందరికీ పంపండి. చైనా చదరంగం తెలిసినవాళ్ళకి తప్పకుండా పంపండి. క్వాక్ తాత హియరింగ్ జనవరిలో ఉంది, ఆయన తరఫున చెప్పడానికి ఒక్క సాక్షీ దొరకలేదు.