మటన్ నీళ్లు తాగిన మొక్క

ముందుగా నగేష్‌ను నిలదీయాలి. ఈగలను మింగే మొక్కంటూ అమ్మినవాడు, దాన్నెలా సాకాలో ఎందుకు చెప్పలేదు? తర్వాత దస్తగీర్‌ను. ఫలక్‌నుమాలో వెల్డింగ్ షాపు పెట్టుకుని బస్తీలోని కిటికీలన్నిటికీ జాలీలు బిగించినవాడు, సొంత వంటింటి కిటికీని మాత్రం జాలీ లేకుండా వదిలేసి ఈగలకు సదర్ దర్వాజా చేశాడు.

ఆ వంటింట్లోనే అతని భార్య అజ్మతున్నీసా షామీ కబాబులు చేసి పెళ్ళిళ్ళకు అమ్ముతుంది. కార్వాన్ నుంచి పెద్ద ఆర్డర్ వచ్చేలా ఉంది. వచ్చే నెల పెళ్ళివారొచ్చి వంటిల్లు చూస్తారట. ఈగ కనిపిస్తే ఆర్డర్ లేదు.

"అజీ, జాలీ ఎప్పుడు కొడ్తరు?"

"జాలీ ఎందుకు? షికారీనే తెచ్చిన." దస్తగీర్ కుండీని కిటికీకి వేలాడదీశాడు. ఆకుల కొసలకు చిన్న చిన్న కూజాలున్నాయి. "కూజా అంచుకు తేనె ఉంటది. ఈగ నాకుతది, జారుతది, లోపలి నీళ్లల్ల పడి అరిగిపోతది. ఫికర్ జేయకు."

"అంటే మీ పని మొక్కతోని చేపిస్తున్నరు."

తేనెకు చీమలు బారులు తీరాయి. ఈగలూ వచ్చాయి. ఒకటి రెండు కూజాలో పడ్డాయి. మిగతా బారాత్ కబాబుల మీద వాలింది.

"దానికి బలం తక్కువుంది," అని తేల్చాడు దస్తగీర్. మటన్ కడిగిన నీళ్లు గులాబీకీ కరివేపాకుకూ పోయడం ఆ ఇంటి ఆనవాయితీ. ఇక దీనికీ మొదలుపెట్టాడు.

మొక్క పహిల్వానులా ఎదిగింది. పాత కూజాలు ఎండి రాలాయి. కొత్తది ఒక్కటీ కాయలేదు. నీచు వాసనకు పక్కనున్న ఉప్పుగూడ బస్తీ ఈగలు కూడా వచ్చి చేరాయి.

తెల్లారితే పెళ్ళివారు వస్తారనగా, మధ్యాహ్నం దస్తగీర్ నగేష్‌కు ఫోన్ చేశాడు. అజ్మతున్నీసా స్పీకర్ నొక్కింది.

"మటన్ నీళ్లా! ఏం పని జేసినవ్ అన్నా? అది సత్తువ లేని నేలల పుట్టిన జాతి. వేర్లకు తిండి దొరకకనే, లక్షల ఏండ్లల్ల ఆకు కొస కూజా అయింది. నువ్వు కిందనే దావత్ ఇస్తివి. ఇగ షికార్ ఎందుకు చేస్తది?"

"అమ్మేటప్పుడు చెప్పొద్దా?"

"అడిగితివా?"

అజ్మతున్నీసా ఫోన్ కట్ చేసింది. మొక్కనూ మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది. పొయ్యి మీది ఖిచిడీని, అందులోకి చేసిన పుల్లటి ఖట్టా గిన్నెతో సహా అల్మారాలో పెట్టి తాళం వేసింది.

"ఇదేంది బేగం? ఆకలైతుంది!"

"కావాలె. ఇన్నేండ్లు మూడు పూటలా వేర్లకే పోసిన. తప్పు నాది."

"అయితే లక్షల ఏండ్లు ఆగాల్నా?"

"అక్కెర లేదు. మీకు చేతులు ముందే మొలిచినయ్. షాపుకు పోయి జాలీ తెండ్రి, పొద్దుగూకక ముందే కిటికీకి కొట్టుండ్రి. అప్పుడే తాళం తీస్త."