అడ్మిరల్ గారు కనబడుటలేదు

ఇంగ్లండు తీరంలోని మా పోర్త్‌వెనాలో వేసవి వచ్చిందని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊరివాళ్లు పెట్టెలు సర్దుకుని గ్రీసుకో పోర్చుగల్‌కో బయల్దేరతారు. వాళ్ల ఇళ్లలోకి వేరే ఊళ్లవాళ్లు పెట్టెలతో దిగుతారు. దిగినవాళ్లు అద్దె ఇవ్వరు, వెళ్లినవాళ్లు జీతం ఇవ్వరు. మధ్యలో ఓ కుక్కో పిల్లో ఉంటుంది. దాన్ని చూసుకుంటే చాలు, సముద్రం ఉచితం. మానవజాతి ఇంతకంటే న్యాయమైన ఒప్పందాన్ని ఇంకా కనిపెట్టలేదని మా గ్రామ సంఘం అధ్యక్షురాలు డాఫ్నీ రోజ్‌వార్న్ ఏటా జూన్‌లో ప్రసంగిస్తుంది.

ఆ జూలైలో అలాంటి ఒప్పందం మీదే డెస్మండ్ ప్రౌట్, అతని భార్య గ్లెనిస్ సముద్రం లేని డడ్లీ అనే ఊరి నుంచి మా వీధికి వచ్చారు. డెస్మండ్ తాళాలు తయారుచేసే కర్మాగారంలోనూ, గ్లెనిస్ ఓ బడి వంటశాలలోనూ పనిచేసి రిటైరయ్యారు. నలభై ఏళ్ల కిందట, పెళ్లైన కొత్తలో ఇద్దరూ ఇక్కడికే వచ్చారట. ఉన్న వారమంతా వాన. రేవు నుంచి, సీళ్లనే సముద్ర జంతువులుండే దీవికి వెళ్లే పడవ ఒక్కరోజూ కదల్లేదు. బసలో కూర్చుని పేకాడుకుని తిరిగి వెళ్లిపోయారు. ఈసారి పెళ్లిరోజున ఆ పడవ ఎక్కాలి, సాయంత్రం రేవు పక్క హోటల్లో పీత తినాలి అన్నది డెస్మండ్ పట్టుదల. టిక్కెట్లు ముందే తీసుకున్నాడు.

వాళ్లకు అప్పగించిన ఇల్లు ఇమొజెన్, పియర్స్ లాంగ్‌మీడ్ దంపతులది. వాళ్ల కుక్క పేరు అడ్మిరల్. చెవులు నేల ఊడ్చేంత పొడుగు, కాళ్లు ఉన్నాయా అని వంగి చూడాల్సినంత పొట్టి, ముఖం నిండా రాజ్యం పోగొట్టుకున్న విచారం. దాన్ని ‘అది’ అంటే ఇమొజెన్ నొచ్చుకుంటుంది కనుక ఇకమీదట నేనూ ‘ఆయన’ అనే అంటాను.

గ్రీసుకు బయల్దేరే ముందు ఇమొజెన్ కొత్తవాళ్లను ఇల్లంతా తిప్పి చూపించింది.

“ఆయన్ని ఒంటరిగా వదలకూడదు,” అంది.

“ఎంతసేపండీ?” అని డెస్మండ్ అడిగాడు.

“అసలు వదలకూడదు. నేను స్నానానికి వెళ్తే పియర్స్ ఉంటాడు. ఒంటరితనం ఆయన మనసుకి పడదు.”

కోడిమాంసం ఉప్పు లేకుండా ఉడికించి, చల్లార్చి, చేత్తో తినిపించాలి. గిన్నె ముందు పెడితే అవమానంగా భావిస్తారు. సోఫాలో ఎడమ పక్క ఆయనది. కుడి పక్క కూడా ఆయనదే.

“మరి మధ్యలో కూర్చోవచ్చా?” అంది గ్లెనిస్.

“ఆయన్ని అడిగి కూర్చోండి. అదిగో, గోడ మీద చిన్న కెమెరా ఉంది, పట్టించుకోకండి. మిమ్మల్ని కనిపెట్టడానికి కాదు. ఎవరో ఒకరు తనని చూస్తున్నారని ఆయనకి ధైర్యం, అంతే.”

“ఏదైనా అవసరం పడితే పక్కింట్లో ఎవరైనా ఉంటారా?”

ఇమొజెన్ కాస్త ఆలోచించింది. “ఉన్నారనే అనుకుంటా. ఎవరో ముసలాయన. దీపం వెలుగుతుంటుంది.”

టాక్సీ వచ్చింది. ఇమొజెన్ అడ్మిరల్ గారిని కౌగిలించుకుని ఏడ్చింది. పియర్స్ కూడా ఏడవబోయాడు గాని, విమానానికి వేళ మించిపోతోందని మానుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి ప్రౌట్ దంపతుల సెలవులు మొదలయ్యాయి. వేసవిలో మా ఇసుక మీదికి కుక్కలను రానివ్వరు. ఈ నిబంధన కుక్కల క్షేమం కోసమేనని గ్రామ సంఘం ప్రకటించింది. అడ్మిరల్ గారు ఇసుక మీదికి రాకూడదు, ఇంట్లో ఒంటరిగా ఉండకూడదు. కనుక పొద్దున్న గ్లెనిస్ సముద్రం చూసి వచ్చేది, మధ్యాహ్నం డెస్మండ్ చూసి వచ్చేవాడు. గేటు దగ్గర పట్టీ చేతులు మారేది. ఆమె ఫోన్‌లో అలల ఫొటో తీసి అతనికి పంపేది, అతను అవే అలలను తిరిగి ఆమెకు పంపేవాడు. వాళ్లది ఎంత అన్యోన్య దాంపత్యమో అని వీధంతా మెచ్చుకున్నాం.

ఆయనకు కోడిమాంసం ఉడికేసరికి వీళ్లకు ఓపిక అయిపోయేది. రొట్టె కాల్చుకుని, సోఫా ఖాళీ లేదు కనుక నిలబడే తినేవాళ్లు. సాయంత్రం గ్రీసు నుంచి వీడియో కాల్ వచ్చేది. ఇమొజెన్ వెనకాల నీలాకాశం, తెల్లటి మేడలు. ఆమె వాటికి వీపు పెట్టి కూర్చుని అడ్మిరల్ గారిని కుశలమడిగేది. ఆయన తన చెవిని తానే నాకుకునేవారు. చివర్లో గ్లెనిస్ వైపు తిరిగి, “చిక్కిపోయినట్టున్నారే?” అనేది.

పెళ్లిరోజు దగ్గరపడింది. పడవలోకి కుక్కల్ని ఎక్కించుకోరు. ఒక్క పూట ఆయన్ని ఎవరికైనా అప్పగించాలని గ్లెనిస్ నేరుగా డాఫ్నీ రోజ్‌వార్న్ ఇంటికే వెళ్లింది. డాఫ్నీ మా ఊరి జంతుమిత్ర సంఘానికి కూడా వ్యవస్థాపకురాలు.

“ఎంతమాట!” అంది డాఫ్నీ. “జంతువులకోసం ప్రాణమిచ్చే మనిషిని. కానీ ఆ రోజే జంతుమిత్ర సంఘం సమావేశం ఉందే!”

ఇంకా ఇద్దరు ముగ్గుర్ని అడిగారు. అందరికీ అడ్మిరల్ గారంటే ప్రాణం. ప్రాణాన్ని ఇంట్లో పెట్టుకోవడానికే ఎవరికీ వీలుపడలేదు.

పెళ్లిరోజు పొద్దున ఎండ కాసింది. డెస్మండ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వంటింట్లో నిలబడ్డాడు.

“మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాం, గ్లెన్. రేడియో పెట్టి వెళ్దాం. ఆయన నిద్రలేచేలోపు ఇక్కడుంటాం.”

“ఆవిడ చెప్పింది గుర్తులేదా? ఒంటరిగా వదలకూడదని?”

“నలభై ఏళ్ల కిందట వాన వదల్లేదు. ఇప్పుడు కుక్క వదలట్లేదు. ఇంకో నలభై ఏళ్లు ఆగుదామా?”

గ్లెనిస్ అతని ముఖం చూసి టోపీ తీసుకుంది. జీవితమంతా తాళాలు తయారుచేసిన డెస్మండ్ ఆ హడావిడిలో పెరటి తలుపు గడియ వేయడం మరిచిపోయాడు.

పడవ కదిలింది. దీవి చుట్టూ రాళ్లమీద సీళ్లు బోర్లా పడుకుని ఉన్నాయి. ఎవరికీ ఎవరినీ కనిపెట్టుకుని ఉండే పని లేదు. గ్లెనిస్ డెస్మండ్ చెయ్యి పట్టుకుంది. ఆ వేసవిలో వాళ్లిద్దరూ కలిసి సముద్రం చూడటం అదే మొదలు. “బాగుంది కదూ?” అన్నాడు డెస్మండ్.

తిరిగి వచ్చేసరికి రేవునిండా జనం. తమకు పెళ్లిరోజు శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చారేమోనని డెస్మండ్ ఒక్క క్షణం భ్రమపడ్డాడట.

జరిగిందేమిటంటే, గ్రీసులో ఫలహారం చేస్తూ ఇమొజెన్ ఫోన్‌లో కెమెరా చూసింది. సోఫాకు ఎడమ పక్క ఖాళీ, కుడి పక్క కూడా ఖాళీ. వెంటనే ఊరి గ్రూపులో పెట్టింది. అంతే. రొట్టెల దుకాణం మూసేశారు. జంతుమిత్ర సంఘం సమావేశం వాయిదా పడింది. తీర రక్షణ దళం పడవ దించింది. ఎవరిదో డ్రోన్ లేచింది. వయసు, బరువు, ఇష్టమైన సంగీతంతో సహా ‘అడ్మిరల్ గారు కనబడుటలేదు’ అన్న పోస్టర్లు అచ్చయ్యాయి.

డాఫ్నీ చేపల పెట్టె మీదికెక్కి ప్రసంగించింది. “మిత్రులారా! పోర్త్‌వెనాలో ఎవరూ ఒంటరి కారు! మనలో ఒక్కరు కనబడకపోతే ఊరు ఊరంతా కదులుతుంది. ఇవాళ మనం ఎవరమో లోకం చూస్తుంది!”

చప్పట్లు మోగాయి. పడవ దిగుతున్న ప్రౌట్ దంపతులకు దారి ఇచ్చాం గాని, ఎవరం పలకరించలేదు. ఒకావిడ మాత్రం, “సీళ్లు బాగున్నాయా?” అని అడిగింది. అప్పుడే గ్లెనిస్‌కు గోడ మీది పోస్టరు కనబడింది.

మేం కొండ అంచులు వెతికాం, ముళ్లపొదలు వెతికాం, శ్మశానం వెతికాం. ప్రతి గుమ్మం తట్టాం. తలుపు తీయని ఇళ్లకు పోస్టరు అంటించాం. మధ్యాహ్నం దాటాక గ్లెనిస్ కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వచ్చి పెరట్లో మెట్టు మీద కూలబడింది. అప్పుడు వినబడింది, పక్కింట్లోంచి ఓ మొరుగు. భోజనం ఆలస్యమైనప్పుడు అడ్మిరల్ గారు మొరిగే పద్ధతే అది.

కంచెలో ఆయన పొట్ట పట్టేంత కంత ఉంది. గ్లెనిస్ కంచె మీద నుంచే దూకింది. పక్కింటి పెరటి తలుపు చేరవేసి ఉంది. వంటింట్లో నేలమీద ఓ ముసలాయన వెల్లకిలా పడి ఉన్నాడు. ఆయన పక్కటెముకలకు ఆనుకుని, ఒక చెవిని ఆయన ఛాతీ మీద కప్పి, అడ్మిరల్ గారు పడుకున్నారు.

“ఎవరమ్మాయ్ నువ్వు?” అన్నాడు ముసలాయన. “కుక్క కోసం వచ్చావా, నా కోసమా?”

గ్లెనిస్‌కు అబద్ధం చెప్పడం చేతకాలేదు. “కుక్క కోసమండీ.”

“పోన్లే. ఎవరో ఒకరి కోసం వచ్చావు.”

ఆయన పేరు హెడ్లీ నాన్‌కారో. ముప్ఫై ఏళ్లు మా ఊరి బస్సు నడిపాడు. ఎక్కే ప్రతివాడికీ టిక్కెట్టుతోపాటు, “ఇవాళ గాలెక్కువ, జాగ్రత్త,” అని చెప్పేవాడు. రిటైరయ్యాక యూనిఫారం తీసేశాడు కనుక మేమెవరం గుర్తుపట్టలేదు. పొద్దున టీ పెట్టుకోవడానికి లేచి చెప్పు జారి పడ్డాడు. తుంటి విరిగింది.

“అరవలేదా మీరు?” అంది గ్లెనిస్, తన కోటు తీసి ఆయనకు కప్పుతూ.

“అరవకేం? ఇందాక ఎవరో తలుపు బాదారు. ‘అడ్మిరల్! అడ్మిరల్!’ అని కేకలు. ‘ఇక్కడ! ఇక్కడ!’ అన్నాను. నా గొంతు వాళ్లదాకా పోలేదో ఏమో. తలుపుకేదో అంటించి పోయారు.”

“మా ఆయన గడియ వేయడం మర్చిపోయాడు. అందుకే ఈ కుక్క వచ్చేసింది ఇక్కడికి.”

“వీడా? వీడు రోజూ వస్తాడు. ఈ మధ్య నల్లపూసయ్యాడు, పోయాడేమో అనుకున్నా. ఆ ఇంటివాళ్లు ఉన్నప్పుడు పొద్దున్నించి సాయంత్రం దాకా ఇక్కడే. వాళ్లకి పనులుంటాయిగా. క్రికెట్ చూస్తాం ఇద్దరం. వేయించిన పందిమాంసం తొక్కలంటే ప్రాణం పెడతాడు.”

గ్లెనిస్ అంబులెన్సుకు ఫోన్ చేసింది. తర్వాత డెస్మండ్‌కు చేసింది. అడ్మిరల్ గారు దొరికారన్న కబురు క్షణాల్లో ఊరంతా పాకింది. వంటింట్లో నిలబడటానికి చోటు లేకుండా పోయింది. ముందుగా పశువైద్యుడు వచ్చాడు. అడ్మిరల్ గారి గుండె విన్నాడు, చెవులెత్తి చూశాడు, కాస్త ఆందోళన తప్ప భయమేమీ లేదన్నాడు. రక్షణ దళంవారు ఆయన్ని వెండిలా మెరిసే దుప్పట్లో చుట్టారు. ఫొటోలు తీశారు.

“నాక్కూడా చలిగానే ఉంది,” అన్నాడు హెడ్లీ కింద నుంచి.

“ఒక్క దుప్పటే తెచ్చామండీ,” అన్నారు వాళ్లు, ఎంతో మర్యాదగా.

గ్లెనిస్ ఆ దుప్పటి లాగి హెడ్లీకి కప్పింది. మేమంతా నొచ్చుకున్నాం. అడ్మిరల్ గారు మాత్రం ఏమీ అనుకోలేదు, మళ్లీ వెళ్లి హెడ్లీ పక్కనే పడుకున్నారు.

అంబులెన్సు సాయంత్రానికి వచ్చింది. “ఈయన తరఫున ఎవరు?” అని అడిగారు. అందరం పోస్టర్లు చింపే పనిలో పడ్డాం. గ్లెనిస్ ఎక్కింది. డెస్మండ్ ఎక్కబోయి ఆగాడు, అడ్మిరల్ గారిని ఒంటరిగా వదలకూడదు కదా. పీత తినాల్సిన వేళకు ఆమె ఆసుపత్రి వరండాలో ఎండిపోయిన శాండ్‌విచ్ తింటోంది. అతను ఫోన్ చేశాడు.

“తిన్నావా?”

“తింటున్నా. నువ్వు?”

“కోడిమాంసం ఉడుకుతోంది,” అన్నాడు డెస్మండ్. గిన్నె మూత తీసి చూస్తూ, “ఆ మధ్యలో ఉన్న లావు సీల్ నీకేసే చూసింది, గ్లెన్,” అన్నాడు. ఆమె నవ్వబోయి ఏడ్చింది.

మర్నాడు జిల్లా పత్రికలో అడ్మిరల్ గారి నిలువెత్తు ఫొటో వచ్చింది. ‘స్థానికుణ్ణి కాపాడిన శునక వీరుడు’ అని శీర్షిక. స్థానికుడి పేరు వేయడానికి చోటు చాలలేదు. గ్రామ సంఘం ఆయనకు పతకం వేసింది. ఆయన దాన్ని నమిలారు. లాంగ్‌మీడ్ దంపతులు గ్రీసు నుంచి వచ్చేశారు. ఇళ్లు చూసేవాళ్లను కుదిర్చే వెబ్‌సైట్‌లో ప్రౌట్ దంపతులకు ఒక్క నక్షత్రం ఇచ్చి ఇమొజెన్ ఇలా రాసింది: ‘మా బిడ్డను ముక్కూ మొహం తెలియని మనిషి ఇంట్లో రోజంతా వదిలేశారు.’ లాంగ్‌మీడ్‌లు ఆ మనిషి పక్కింట్లో ఉంటున్నది పదకొండేళ్లుగా.

డెస్మండ్, గ్లెనిస్ వెంటనే డడ్లీ వెళ్లలేదు. హెడ్లీ ఇంటి తాళం చెవి ఆయన దగ్గరే అడిగి తీసుకుని కొన్నాళ్లు అక్కడ ఉన్నారు. సాయంత్రాలు ఇద్దరూ కలిసి సముద్రం దాకా నడిచి వచ్చేవాళ్లు. హెడ్లీకి ఆపరేషన్ అయింది. తోడు ఎవరైనా ఉంటే తప్ప ఇంటికి పంపలేమన్నారు డాక్టర్లు. డాఫ్నీ చర్చి వాకిట్లో ఓ కాగితం అంటించి, సేవచేయదలచినవారు పేర్లు రాయవలసిందిగా కోరింది. కాగితం తెల్లగానే ఉంది. ఒకే ఒక్కరు, వంతు వేసుకుంటే అడ్మిరల్ గారితో ఫొటో దిగనిస్తారా అని అడిగారు.

తాము డడ్లీ వెళ్లక తప్పదు కనుక గ్లెనిస్ ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, హెడ్లీ అనుమతితో ఆ వెబ్‌సైట్‌లోనే ఓ ప్రకటన పెట్టింది. ‘సముద్రం పక్కన ఇల్లు. ఒక పెద్దాయన. రోజుకు రెండుసార్లు టీ, అప్పుడప్పుడు కబుర్లు. క్రికెట్ ఇష్టం. కరవరు. సోఫాలో మీకూ చోటుంటుంది.’

రెండో రోజుకల్లా ఊళ్లూళ్ల నుంచి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. గ్లెనిస్ ఫోన్ పట్టుకుని ఒక్కొక్కటే చదువుతూ పోయింది. చదివేకొద్దీ గొంతు తగ్గింది.

“ఏమంటున్నారమ్మాయ్?” అన్నాడు హెడ్లీ.

“అందరూ ఒకటే అడుగుతున్నారండీ. కుక్క లేదా అని.”

“ఉందని రాయి,” అన్నాడు హెడ్లీ. “దాంతోపాటు నేనూ ఉంటానని, చివర్న చిన్న అక్షరాల్లో వెయ్యి.”