బ్రాగో పెద్దమ్మ కన్నీటి కుండ

శనివారం ఉదయం ఎన్సియా వేసుకున్న పథకం చాలా చిన్నది. జొన్న గంజి తాగాలి, రెండు అలసంద వడలు తినాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, పది గంటలకల్లా మా క్వదాసో పేట సంఘ భవనానికి వెళ్ళి తన కొత్త నవల గురించి కాసేపు మాట్లాడాలి. చెప్పవలసింది కూడా పెద్దగా ఏమీ లేదు. ఈ నవల రాయడానికి ప్రేరణ ఎక్కడి నుంచి వచ్చింది, అంతే. ఈ ప్రేరణ అనే మాటను ఎవరు కనిపెట్టారో గాని, ఆ మనిషి దొరికితే కుమాసి వాళ్ళం అందరం కలిసి నిలదీయాలి. రాసినవాడు రాసి ఊరుకోకుండా ఎందుకు రాశాడో కూడా చెబుతానంటాడు. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఎన్సియా కాలేజీలో సాహిత్యం పాఠాలు చెబుతాడు. నవల పేరు 'కన్నీటి కుండ'. అందులో ఒక పేదరాలు మొగుడి చేత తన్నులు తిని, ఆ మొగుడు పోయాక ఉడికించిన కర్రపెండలంతో ఫుఫు ముద్దలు దంచి అమ్ముకుంటూ, రాత్రంతా ఏడుస్తూ, చనిపోయిన చెల్లెలి కొడుకును పెంచి పెద్ద చేస్తుంది. ఆ చెల్లెలి కొడుకు ఎన్సియాయే. పెంచింది బ్రాగో పెద్దమ్మ. ఫుఫు దంచి అమ్మడం వరకు నిజం. తన్నులూ ఏడుపులూ మాత్రం ఎన్సియా సొంత పైత్యం. బ్రాగో ఏడవగా చూసినవాళ్ళు క్వదాసోలో ఒక్కరూ లేరు. ఆమె నోటి దురుసుకు ఏడ్చినవాళ్ళు మాత్రం వీధి వీధికీ ఉన్నారు.

పుస్తకంలో ఏముందో ఎన్సియా ఆమెకు చెప్పలేదు. తెలిస్తే గుమ్మం తొక్కనివ్వదని భయం. నలభై ఏళ్ళు దాటినా, నెత్తి మీద నెరసిన వెంట్రుకలు వచ్చినా, రాత్రి భోజనం ఆమె చేతి వంట కాకపోతే వాడికి ముద్ద దిగదు. విమర్శకులు తిట్టినా పర్వాలేదు గాని, ఆ గుమ్మం మూసుకుపోతే ఎక్కడికి పోతాడు? అందుకని ఆమెకు మాత్రం సభ పన్నెండింటికని చెప్పాడు. అప్పటికి ఉపన్యాసం అయిపోతుంది, భోజనాలు మిగులుతాయి.

పోస్టర్ పని అచ్చు దుకాణం నడిపే సులేకు అప్పగించాడు. "పెద్దమ్మ బొమ్మ పెద్దదిగా పెట్టు సులే. ఈ పుస్తకానికి ప్రాణం ఆవిడే. నా బొమ్మ కింద ఎక్కడో చిన్నదిగా ఉంటే చాలు" అని చెప్పి, మళ్ళీ అటు తిరిగి చూడలేదు. అద్దం ముందు ఉపన్యాసం సాధన చేసుకోవడానికే వాడికి పొద్దు చాలలేదు. సులే దుకాణంలో పోస్టర్ అంటే చావు పోస్టర్. మా గోడల మీద వేరే రకం ఎప్పుడైనా అంటిస్తే కదా! అలవాటైన చేతితోనే బ్రాగో బొమ్మను కోడిగుడ్డు ఆకారంలో నడిమధ్య పెట్టాడు. చుట్టూ చావు రంగులు, నలుపు, ఎరుపు. మూలమూలనా వెలుగుతున్న కొవ్వొత్తి. పైన ఎగిరిపోతున్న తెల్ల పావురాలు. కింద 'కన్నీటి కుండ, శనివారం పది గంటలకు, అందరూ తప్పక రావాలి' అని పెద్ద అక్షరాలు. 'నవల' అన్న మాటకు చోటు చాలక చీమ తలకాయంత చేశాడు.

శుక్రవారం సాయంత్రానికి క్వదాసో అంతటా బ్రాగో పోయింది. కాదనడానికి ఆమె ఊళ్ళో లేదు. కర్రపెండలం కొనడానికి టెచిమాన్ సంతకు వెళ్ళింది. ఆమె ఫుఫు అమ్మే హోటలు తలుపు వేసి ఉంది. ఇంకేం కావాలి!

శనివారం వడ ఇంకా నోట్లో ఉండగానే ఫోను మోగింది. బ్రాగో ఆడపడుచు ఆఫ్రియే. జడలల్లే దుకాణం నడుపుతుంది.

"నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేదేం రా?" అంది. గొంతులో ఏడుపూ ఉంది, కోపమూ ఉంది.

"అందరికీ విడివిడిగా చెప్పలేకపోయానత్తా. పోస్టర్ వేశాం కదా!"

"పోస్టర్ చూసి తెలుసుకోవాలా? మేమేమన్నా పరాయివాళ్ళమా? మా అన్న భార్య రా అది! ఉన్నట్టుండి ఏమైంది?"

"ఉన్నట్టుండి ఏం కాదు. రెండేళ్ళుగా నలుగుతూనే ఉంది. మధ్యలో ఇక నావల్ల కాదని వదిలేద్దామనుకున్నా కూడా."

"రెండేళ్ళా! వదిలేద్దామనుకున్నావా! పెంచిన తల్లిని! నీ మొహం మండా!" అని ఆఫ్రియే ఫోను పెట్టేసింది. పుస్తకం మీద ఆమెకు ఇంత అభిమానం ఉందా అని ఎన్సియా ఆశ్చర్యపోయి మిగిలిన వడ తిన్నాడు.

ఎన్సియా సంఘ భవనం దగ్గర దిగి చూశాడు. వీధికి అడ్డంగా షామియానాలు లేచాయి. ఎరుపూ నలుపూ గుడ్డలు కట్టుకున్న జనం కుర్చీల నిండా ఉన్నారు, కుర్చీలు చాలని వాళ్ళు మురుగు కాలవ గట్టు మీద ఉన్నారు. డప్పులు మోగుతున్నాయి. చర్చి పాటల బృందం గొంతు సవరించుకుంటోంది. భవనం లోపల నట్టనడుమ బ్రాగో మేనమామ అజేకుమ్, ఆ కుటుంబానికి పెద్ద, కర్ర మీద గడ్డం ఆనించి కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"రారా పండితుడా!" అన్నాడు. "నేను బతికుండగానే, నాకు మాటమాత్రం చెప్పకుండా, నా మేనకోడలి చావు ఊరంతా చాటుతావా?"

ఎన్సియా అప్పుడు చూశాడు పోస్టర్‌ను. చేతులు రెండూ ఎత్తి అరిచాడు. "తాతయ్యా, పెద్దమ్మ చావలేదు! నిక్షేపంలా ఉంది! ఇది పుస్తకం!"

మేనకోడలు బతికి ఉందన్న సంతోషం అజేకుమ్ ముఖంలోకి వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయింది. "చచ్చిందా బతికిందా అనేది తర్వాతి సంగతి. పోస్టర్ వేసే ముందు కుటుంబ పెద్దకు చెప్పాలా వద్దా? చచ్చినదానికే నా అనుమతి కావాలంటే, బతికున్నదానికి ఎంత కావాలి! ఒక గొర్రె, రెండు ష్నాప్స్ సారా సీసాలు. తప్పు కట్టు."

"మీరు ముందు ఈ జనాన్ని..."

"మూడు సీసాలు."

పెద్దమ్మ చావలేదన్న మాట డప్పుల మోతలో మిగతావాళ్ళెవరికీ వినబడలేదు. చావుకు వచ్చినవాళ్ళకు పోయిన మనిషి జీవిత చరిత్ర అచ్చు వేసి పంచడం మా దగ్గర మర్యాద. బల్ల మీద పేర్చిన నవలలు చూసి జనం అవే ఇవనుకుని తలా ఒకటి పట్టుకెళ్ళారు. ఇంత లావు చరిత్ర ఎవరికీ వేయలేదని మొదట మెచ్చుకున్నారు కూడా. తర్వాత చదవడం మొదలుపెట్టారు. పదో పేజీలో ఆఫ్రియే కుర్చీలోంచి లేచింది.

"మా అన్న తాగొచ్చి తన్నేవాడా! మా అన్నా! వదిన దగ్గితే చాలు, పెరటి గోడ దూకేవాడు పాపం! ఇంత పచ్చి అబద్ధం అచ్చు వేసి చావింట్లో పంచుతావా?" ఆఫ్రియే తరఫువాళ్ళంతా లేచారు. వాళ్ళు లేచారని బ్రాగో తరఫువాళ్ళూ లేచారు. ఎన్సియా కోపమంతా గుమ్మం దగ్గర నిలబడి డప్పులు వింటున్న సులే మీదికి మళ్ళింది.

"బుద్ధుందా నీకు? ఇదేం పోస్టర్!"

సులేకు రోషం పొడుచుకొచ్చింది. "నా పోస్టర్‌కు వంక పెడతారా? గడ్డం నెరిసింది ఈ పనిలో. ఇంతవరకు చచ్చినవాళ్ళెవరూ వచ్చి బాగాలేదనలేదు!"

"ఇదిగో, నేను వచ్చాను!"

చర్చి బృందం పాట గొంతులోనే ఆగిపోయింది. గుమ్మంలో బ్రాగో నిలబడి ఉంది. ఒక చేతిలో గోడ నుంచి చింపిన పోస్టర్, ఇంకో చేతిలో పెండలం సంచి. ఆమె బస్సు దిగుతూండగా కండక్టరు పోస్టర్‌నూ ఆమెనూ మార్చి మార్చి చూసి, కదులుతున్న బస్సు అవతలి తలుపులోంచి దూకాడట. భవనంలో మాత్రం దూకడానికి చోటు లేదు. ముందు వరసవాళ్ళు వెనక వరసవాళ్ళ ఒళ్ళో పడ్డారు.

"ఎవడ్రా నన్ను చంపింది?"

"బ్రాగో, నువ్వు కాసేపు ఆగు" అన్నాడు అజేకుమ్. "ముందు తప్పు తేలాలి."

"నువ్వు నోరు మూసుకో మామా! నేను పోయానంటే చూడ్డానికి ఇంటికి రాలేదు గాని, గొర్రె కోసం ఇక్కడికొచ్చావా?"

అజేకుమ్ కర్ర మీద గడ్డం మళ్ళీ ఆనించుకున్నాడు. ఆఫ్రియే మాత్రం పుస్తకం ఊపుకుంటూ ముందుకు వచ్చింది. బతికి ఉన్న వదినను చూసి కళ్ళలో నీళ్ళు తిరిగినా, అన్న పరువు ముఖ్యం కదా! "చంపడం చిన్న తప్పు వదినా. ఇది విను" అని పదో పేజీ గట్టిగా చదివింది. తన్నులు తిన్న పేదరాలు పొయ్యి ముందు కూర్చుని కన్నీళ్ళతో ఫుఫు తడుపుతోంది. తెల్లారేదాకా ఏడుస్తోంది. పిల్లవాడిని కావలించుకుని మళ్ళీ ఏడుస్తోంది.

బ్రాగో పెండలం సంచి నేల మీద పెట్టింది. తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం క్వదాసోలో ఎవరూ ఎరగరు. ఎన్సియా రెండడుగులు వెనక్కి వేశాడు.

"చంపితే చంపావు" అంది చివరికి. "ఏడిపించావెందుకురా?"

ఎన్సియా అలవాటు కొద్దీ మైకు పట్టుకున్నాడు. "ప్రతి రచయితకూ ప్రేరణ అనేది..."

"అద్దం ముందు చెప్పుకున్నది కాదు. నిజం చెప్పు."

ఇక దారి లేకపోయింది. వాడు తల వంచుకుని చెప్పాడు. "నిజం అంటే... నువ్వు తిట్టే తిట్లు విని రాయడం నేర్చుకున్నాను పెద్దమ్మా. బడి నుంచి వచ్చి పులుసు కుండల వెనక కూర్చునేవాణ్ణి. నువ్వు తినడానికి వచ్చిన టాక్సీవాళ్ళను తిడుతూంటే, ఒకసారి తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టేదానివి కాదు. పడుకున్నాక అవన్నీ నాలో నేను అనుకునేవాణ్ణి. మొదట అలాగే రాశాను. అక్రాలో అచ్చు వేసేవాళ్ళు ఒప్పుకోలేదు. తిట్టే ఆడదాన్ని చూస్తే చదివేవాళ్ళకు జాలి కలగదన్నారు. ఏడిపించమన్నారు."

"జాలా!" బ్రాగో గొంతు షామియానాల దాకా వినబడింది. "నా మీద జాలి పుట్టించమని నిన్ను ఎవడడిగాడురా? మీ అమ్మ పోయిన రోజున కూడా నేను ఏడవలేదు. నా చెల్లెలు రా అది! నా చేతుల్లో పోయింది. ఏడుపు రాకనా? నువ్వు ఆరేళ్ళవాడివి. నా మొహంలోకే చూస్తూ కూర్చున్నావు. నేను ఏడిస్తే నువ్వు జడుసుకుంటావని, శవాన్ని మోసేవాళ్ళను తిట్టాను, పెట్టె చేసినవాణ్ణి తిట్టాను, పాస్టరు గారినీ తిట్టాను. ఇన్నేళ్ళు పళ్ళ బిగువున దాచుకున్నదాన్ని నువ్వు కుండలకు కుండలు కార్పించి అమ్ముకుంటావా?"

ఎన్సియా ఏడ్చాడు. నవలలో రాసినట్టు ఒయ్యారంగా కాదు, ముక్కు కారుతూ, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. బ్రాగో వాడి వైపు చూసి, తన నెత్తిగుడ్డ విప్పి వాడి మొహం మీదికి విసిరింది. "ముక్కు తుడుచుకో. మైకు ఇటివ్వు."

మైకు అందుకుని జనం వైపు తిరిగింది. "ఎక్కడికి లేస్తున్నారు? నా చావుకు వచ్చారు కదా, కూర్చోండి. నా గురించి మంచి మాటలు చెప్పడానికి ఎవరెవరు తయారై వచ్చారో వాళ్ళంతా ముందుకు రండి. నేను పోయాక చెబితే నాకేం వినబడుతుంది?"

బతికున్న మనిషి ఎదుట నిలబడి మంచి మాటలు చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు మాకు తెలిసింది. ఒక్కొక్కరే వచ్చి గొణుగుతూంటే ఆమె మధ్యలో ఆపి సవరించింది. తర్వాత పుస్తకం తెరిపించి పేజీ పేజీ చదివించుకుని, ఏడుపు వచ్చిన ప్రతిచోటా అసలు తాను ఎవరిని ఏమని తిట్టిందో చెప్పింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. సులే అయితే పోస్టర్ వెనక రాసుకున్నాడు. మొగుడు గోడ దూకిన ఘట్టం దగ్గర ఆఫ్రియే కూడా నవ్వింది, వెంటనే గుర్తు తెచ్చుకుని కోపంగా కూర్చుంది.

జనం పలచబడ్డాక బ్రాగో సంచి ఎత్తి ఎన్సియా భుజం మీద పెట్టింది. "ఇల్లు చేర్చు. రాత్రికి పామ్ పండ్ల పులుసు చేస్తాను, తగలడు. మిగిలిన పుస్తకాలన్నీ పట్టుకురా, పొయ్యిలోకి కట్టెలు లేవు. రేపటి నుంచి మళ్ళీ మొదటి పేజీ నుంచి రాయి. ఈసారి నేను వినాలి, ఆ తర్వాతే అచ్చు."

తగలడమన్న మాట విన్నాక గాని ఆ ఇంటి గుమ్మం ఇంకా తెరిచే ఉందని ఎన్సియాకు తెలియలేదు. సంచి భుజానికెత్తుకుని గుమ్మం దాటబోతూంటే ఒక రేడియో అమ్మాయి అడ్డం వచ్చింది.

"ఏమండీ, దీని తర్వాతి పుస్తకానికి ప్రేరణ ఎవరు?"

"ఎవరూ లేరండీ" అన్నాడు ఎన్సియా, వెనక్కి చూసి. "మనుషుల జోలికి పోను. కోకో చెట్ల గురించి రాస్తాను."

కుర్చీలో కునుకు తీస్తున్న అజేకుమ్ కళ్ళు తెరిచి కర్ర ఎత్తాడు. "ఎవరి తోటవి?"