ఉప్పులో పోయిన సోడియం

ఈ విశ్వంలోని సమస్త పదార్థమూ పరమాణువులతో నిర్మితమైనదనీ, ఆ పరమాణువుల్లో ప్రతి ఒక్కటీ ఎవరో ఒక ప్రభుత్వోద్యోగి సంతకం కింద ఉన్నదనీ ఈజిప్టులో ఏనాడో తేలిపోయింది. (మొదటి సగం విదేశీయులు కనిపెట్టారు. రెండో సగం అచ్చంగా మన సొంతం.) ఈ రెండో సిద్ధాంతానికి ‘ఉహ్దా’ అని పేరు. బడిలో కుర్చీ గానీ గాజు గొట్టం గానీ ఎవరో ఒకరి పేరున రాసి ఉంటుంది. ఆ మనిషి అవన్నీ రాసినవి రాసినట్టు అప్పజెప్పి విముక్తి పత్రం పుచ్చుకోనిదే బదిలీ మీద వెళ్ళలేడు. చచ్చిపోయినా పూర్తిగా పోయినట్టు లెక్క కాదు.

టంటా బాలికల పాఠశాలలో రసాయనశాస్త్రం చెప్పే ఇన్సాఫ్‌కు ఇదంతా తెలియనిది కాదు. భర్త ఫర్ఘలీకి ఆస్వాన్‌లో ఉద్యోగం. దేశానికి ఆ కొసన అతను, ఈ కొసన ఈమె. పెళ్ళయిన మర్నాటి నుంచీ పెట్టుకున్న అర్జీలు ఫలించి, ఆఖరికి ఆస్వాన్‌కు బదిలీ వచ్చింది. ఆమె స్థానంలో పనిచేయడానికి రబాబ్ అనే అమ్మాయి పెట్టే బేడాతో దిగింది. ఇన్సాఫ్ సాయంత్రం రైలుకు టిక్కెట్టు కూడా కొనేసుకుంది. ఇక ప్రయోగశాల అప్పగింత ఒక్కటే మిగిలింది.

అప్పగింతల సంఘం అధ్యక్షుడు ఉస్తాజ్ షుక్రీ గుమాస్తాను వెంటబెట్టుకుని వచ్చాడు. టీ తాగి, పరమాణువు నమూనాతో పని మొదలుపెట్టాడు. ఆ బళ్ళో పరమాణు సిద్ధాంతం పెరిగిందంతా అప్పగింతల చలవే. మొదట్లో సరుకుల జాబితాలో ‘చెక్క బంతి, గట్టిది, విభజించరానిది’ అని రాసుండేది. పరమాణువులో ఎలక్ట్రాన్లు పుచ్చకాయలో గింజల్లా ఉంటాయని ఉత్తర్వు వస్తే, ఆ బంతికి మేకులు కొట్టించారు. తరవాత పరమాణువులో చాలా మటుకు ఖాళీయేనని తెలిసింది. ఆ సంగతి పైకి రాసిన మేష్టారికి, లోపించిన భాగం మేరకు జీతంలో కోత పడింది. (మధ్యలో కేంద్రకం దొరికింది కాబట్టి పోలీసుల దాకా పోలేదు.) ఆపైన కక్ష్యలొచ్చాయి, బంతి చుట్టూ తీగ చుట్టారు. ఎలక్ట్రాన్ ఫలానా చోట ఉందని చెప్పలేమనీ, ఉండడానికి అవకాశమున్న మేర మాత్రమే మేఘంలా గీయగలమనీ తేలాక, తీగ పీకేసి దూది చుట్టారు. షుక్రీ ఆ దూదిని తూచి, సరిపోయిందన్నాడు.

చిక్కంతా సోడియం దగ్గర వచ్చింది. కిరసనాయిలు సీసాలో సోడియం ముక్క ఉండాలి, జాడీలో క్లోరిన్ వాయువు ఉండాలి. ఇన్సాఫ్ ఆ రెంటినీ పిల్లల ఎదుట కలిపి చూపించింది. ఇప్పుడు ఆ రెండూ లేవు, గిన్నెలో కాస్త ఉప్పుంది. (వాడితే అయిపోయే సరుకుల్లో దూదిని చేర్చారు. సోడియాన్ని చేర్చడం ఎవరికీ తోచలేదు.)

"సోడియం ఏదీ, అబ్లా?" అని పంతులమ్మను అడిగాడు షుక్రీ.

"అందులోనే ఉంది, ఉస్తాజ్."

షుక్రీ వేలితో అద్ది నాలిక మీద వేసుకున్నాడు. "ఇది ఉప్పు."

ఇన్సాఫ్ ఓపిక పట్టి, పిల్లలకు చెప్పినట్టే చెప్పింది. సోడియానికి బయటి కక్ష్యలో ఒక్క ఎలక్ట్రాన్ ఒంటరిగా ఉంటుంది. క్లోరిన్‌కు సరిగ్గా ఒకటి తక్కువ. సోడియం తనది ఇచ్చేస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది. ఇచ్చింది ధనావేశంతో, పుచ్చుకుంది రుణావేశంతో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అదే అయానిక బంధం. గుమాస్తా అంతా రాసుకున్నాడు.

ఎవరి ఉత్తర్వు మీద ఇచ్చిందని షుక్రీ అడిగాడు. సోడియం ఒక అరలోది, క్లోరిన్ వేరే అరలోది. సర్కారు ఎలక్ట్రాన్‌ను ముందస్తు అనుమతి లేకుండా ఒక అరలోంచి ఇంకో అరకు ఇచ్చేశారంటే దుర్వినియోగం కిందికి వస్తుంది. విచారణ జరగాలి, అది తేలేదాకా ఆవిడ టంటా వదలకూడదు. (ఖాళీ పరమాణువు మేష్టారి విచారణ, ఆయన మనవడు అదే బళ్ళో మేష్టారయ్యాక ముగిసింది.)

ఇన్సాఫ్ రైలు టిక్కెట్టు తీసి చూసుకుంది. ఫర్ఘలీ స్టేషన్‌కు వచ్చి నిలబడతాడు, రైల్లోంచి ఎవరెవరో దిగుతారు, తను దిగదు. ఆ దృశ్యం కళ్ళముందు కదిలేసరికి, పిల్లలు రాస్తే తను ఎర్ర సిరాతో కొట్టేసే మాట తన నోటి నుంచే వచ్చింది.

"ఇచ్చిందని కాకుండా పంచుకుందని రాస్తే?"

షుక్రీ మొహం విప్పారింది. పంచుకోవడంలో ఎవరికీ అభ్యంతరం ఉండదనీ, ఆ ముక్క ముందే చెబితే ఇంత గొడవ ఉండేది కాదనీ అన్నాడు. ఉప్పులో ఉన్నది సమయోజనీయ బంధమనీ, సోడియమూ క్లోరినూ ఎలక్ట్రాన్లను కలిసి వాడుకుంటున్నాయనీ, ఏదీ ఎక్కడికీ పోలేదనీ గుమాస్తా రాశాడు. రబాబ్ కూడా ఆ శాస్త్రమే చదువుకున్న పిల్ల. ఏదో అనబోయి, ఇన్సాఫ్ కళ్ళు చూసి ఊరుకుంది. ఇన్సాఫ్ సిగ్గుతో తల వంచుకుని సంతకం పెట్టింది.

షుక్రీ నిబంధనల పుస్తకంలో పేజీ తిప్పాడు. పంచుకున్న సొత్తును ఒకరు అప్పజెప్పడం, మరొకరు పుచ్చుకోవడం చట్టంలో కుదరదట. అప్పజెప్పే మనిషీ పుచ్చుకునే మనిషీ కలిసి పట్టుకోవాలట. అందుచేత ఆ ఉప్పు ఇకమీదట ఇన్సాఫ్, రబాబ్‌ల ఉమ్మడి ఉహ్దా. ఇద్దరిలో ఎవరూ ఊరు దాటరాదు.

"నేను రాయించింది తప్పు, ఉస్తాజ్," అంది ఇన్సాఫ్. "సోడియం ఇచ్చేస్తుంది. పంచుకోదు. ఏ పుస్తకమైనా తెరిచి చూడండి."

"సంతకం పెట్టాక సైన్సు మారదమ్మా," అన్నాడు షుక్రీ, నిజంగానే జాలిపడుతూ.

రైలు వేళకే బయలుదేరింది. సమాచార నిమిత్తం ఆస్వాన్‌లోని ఫర్ఘలీకి సంఘం తరఫున తంతి వెళ్ళింది: టంటాలో ఏదీ పోలేదు, సర్కారు సొత్తంతా భద్రంగా ఉంది, మీ భార్యతో సహా.