గీత దాటిన జీతం

ఆ ఉదయం షేడ్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికల్లా స్నానం చెయ్యాలి, తొమ్మిదింటికి ఫ్యాక్టరీలో జీతం పెంపు కాగితం అందుకోవాలి, సాయంత్రం భార్యతో కలిసి టైల్స్ కొట్టుకు వెళ్ళాలి. ఇంట్లో అయిదుగురు మనుషులకు ఒకటే బాత్రూమ్. రెండోది కట్టిస్తానని ఆయన మాటిచ్చి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో కూతుళ్ళిద్దరూ తలుపు బాదడంలో బాగా చెయ్యి తిరిగినవాళ్ళయ్యారు.

షేడ్ మాస్టారంటే బడిపంతులు కాదు. రంగుల ఫ్యాక్టరీలో, కొనేవాళ్ళు పంపిన గుడ్డపీలికనో గోడపెచ్చునో చూసి, అచ్చం అదే రంగును డ్రమ్ముల కొద్దీ కలిపించే మనిషి. మిషన్లు ఎన్నొచ్చినా ఆయన కంటికి సాటి రాలేదు. తెలుపుల్లోనే పదకొండు రకాలున్నాయని ఆయన నమ్మకం. అంతటి కన్నుకు పేపర్లోని చిన్న అక్షరాలు మాత్రం ఆనవు. అందుకని రోజూ పేపరు చదివి వినిపించే బాధ్యత బావమరిది తీసుకున్నాడు. ఉద్యోగం వెతుక్కుంటానని వారం రోజుల కోసం వచ్చిన ఆ కుర్రాడు ఏడాదిన్నరగా తీరిగ్గా వెతుక్కుంటున్నాడు.

మాస్టారు ఒంటికి సబ్బు పట్టించుకుంటుండగా బాత్రూమ్ తలుపు బయట, క్యూలో నిలబడి, బావమరిది వార్తలు మొదలుపెట్టాడు.

"బావా, ఆదాయప్పన్ను శ్లాబులన్నీ మార్చేశారు. బాగా సంపాదించేవాళ్ళకు గట్టిగా వాత పెట్టారు. పై శ్లాబు రేటు ముప్ఫై శాతం నుంచి నలభై అయిదుకు లేపారు."

"లేపనీరా. మనమేమైనా జమీందార్లమా?"

"అక్కడే ఉంది. పై శ్లాబు మొదలయ్యే గీతను కిందికి దించారు. నీ జీతం ఇప్పుడు ఆ గీతకు బెత్తెడు దూరంలో ఉంది. ఇవాళ పెంచితే దాటేస్తావు."

"దాటితే?"

"నలభై అయిదు."

"దేని మీద?"

ఆ ప్రశ్నకు జవాబు లోపలి పేజీలో ఉంది. లోపలి పేజీ పెద్దకూతురి చేతిలో ఉంది. తెలియదని చెప్పే అలవాటు బావమరిది వంశంలోనే లేదు.

"అంతటి మీదా. మొదటి పైసా నుంచీ."

మాస్టారు ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో లెక్క వేశారు. మళ్ళీ వేశారు. పెంచిన జీతం కన్నా పాత జీతమే ఎక్కువని తేలింది. తలుపు మీద చిన్నకూతురు దరువేస్తున్నా వినిపించుకోకుండా ఆయన నురగతో అలాగే నిలబడిపోయారు.

ఫ్యాక్టరీని నడిపే ఓనరమ్మ ఆ రోజు పేపరు మొదటి పేజీ చదువుకునే వచ్చింది. ప్రభుత్వాన్ని కారెక్కినప్పటి నుంచి దిగేదాకా తిట్టి, కొంచెం ఊరట కలిగాక మాస్టారిని పిలిపించి కవరు చేతిలో పెట్టింది.

మాస్టారు కవరును బల్ల మీద పెట్టి, రెండు వేళ్ళతో మెల్లగా ఆవిడ వైపే జరిపారు.

"ఈ పెంపు నాకొద్దండి."

జీతం చాలదన్నవాళ్ళను ఓనరమ్మ పాతికేళ్ళుగా చూస్తోంది. వాళ్ళకు ఏం చెప్పాలో ఆవిడకు కంఠతా వచ్చు. వద్దన్నవాడు ఎదురుపడటం ఇదే మొదలు.

"వాడెంత ఇస్తానన్నాడు?" అంది.

"ఎవరండీ?"

"అవతలి రోడ్డులో కొత్తగా రంగుల కంపెనీ పెట్టినవాడు. మీరెళ్ళిపోతే నా షెడ్డులో తెలుపుకీ మీగడరంగుకీ తేడా చెప్పేవాడు లేడు. సరే, పెంపు రెట్టింపు చేస్తున్నా."

మాస్టారి ముఖం చూస్తుండగానే మీగడరంగుకు దిగింది. "రెట్టింపా? అంత పని చెయ్యకండమ్మా. పిల్లలున్నవాణ్ణి."

"మూడింతలు."

"అమ్మా, మీకు పుణ్యముంటుంది. వీలైతే పోయినేడాది జీతంలోంచే ఓ వెయ్యి తగ్గించండి. గీతకు కాస్త ఎడంగా ఉంటాను."

ఆవిడకు గీత సంగతి అర్థం కాలేదు. అర్థం కానిచోట సంతకం తీసుకోవడం ఆవిడ తండ్రి నేర్పిన వ్యాపారసూత్రం. మాస్టారు తెల్లకాగితం మీద "నాకు ఏ పెంపూ అక్కర్లేదు" అని రాసి, సంతకం చేసి, గండం గడిచినట్టు గట్టిగా ఊపిరి వదిలి బయటికొచ్చారు.

జేబులో ఫోను మోగింది. భార్య.

"ఏవండీ, కాగితం ఇచ్చారా?"

"ఆ... మాటలు నడుస్తున్నాయి."

"అయితే నేను కొట్టుకు ముందే వెళ్తా. నీలం తీసుకోమంటారా, బూడిదరంగా?"

"ఏదీ తీసుకోకు," అని ఫోను పెట్టేశారు. ఆ తర్వాత ఏడుసార్లు మోగినా ఎత్తలేదు.

మాస్టారు పెంపు వద్దన్నారన్న వార్త భోజనాల వేళకు ఫ్యాక్టరీ అంతా పాకింది. ప్లాంటు మేనేజరూ అమ్మకాల మేనేజరూ ఆయన్ను చెరోవైపు నుంచి పట్టుకున్నారు. మాస్టారు చుట్టూ చూసి, గొంతు తగ్గించి, పొద్దున బాత్రూమ్ తలుపు సందులోంచి సంపాదించిన జ్ఞానమంతా వాళ్ళకు ధారపోశారు. వాళ్ళ జీతాలూ గీతకు ఆ దరిదాపుల్లోనే ఉన్నాయి. ఇద్దరూ అన్నం సగంలో వదిలేసి లెక్కలాయన గదికి పరుగెత్తారు.

లెక్కలాయన బల్ల మీద కొత్త పన్ను నిబంధనల కట్ట తాడు కూడా విప్పకుండా పడి ఉంది. మాస్టారంతటి నిదానపు మనిషి పెంపు వదులుకున్నాడంటే ఆ కట్టలో ఏదో ఉండే ఉంటుందని ఆయనకు అనిపించింది. చదవలేదని ఒప్పుకోవడం కన్నా తల ఊపడం తేలిక.

"అవును. అందులో ఓ మెలిక ఉంది," అన్నాడు గంభీరంగా.

అరగంటలో మేనేజర్లిద్దరి పెంపులూ, సంతకాలు చేసిన కాగితాలతో సహా, ఓనరమ్మ బల్ల మీదికి తిరిగొచ్చాయి. ఆవిడ లెక్కలాయన్ను పిలిచింది.

"ఏమిటండీ ఈ గోల?"

"మెలిక ఉందండి. గీత దాటితే మొత్తం ఊడ్చేస్తారు."

"మరి నాకు?"

లెక్కలాయన ఒక్క క్షణం ఆలోచించాడు. ఓనరమ్మకు చిన్న మెలిక ఉందంటే మర్యాదగా ఉండదు. "మీకు ఇంకా పెద్ద మెలికండి," అన్నాడు.

ఆవిడ వెంటనే ఫోను తీసి, కొనబోతున్న కొత్త మిక్సింగ్ మిషను ఆర్డరు రద్దు చేసింది. మిషను వస్తే అమ్మకాలు పెరుగుతాయి, అమ్మకాలు పెరిగితే ఆదాయం పెరుగుతుంది, ఆదాయం పెరిగితే ఆ మెలికేదో మెడకు చుట్టుకుంటుంది. బాగుపడకుండా ఉండటానికి ఇంత కష్టపడాల్సి వస్తుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

మిషను వచ్చాక షెడ్డులో ఎనిమిదిమందిని కొత్తగా తీసుకుంటామని అప్పటికే మాటిచ్చారు. అందులో షెడ్డు మేస్త్రీ తమ్ముడొకడు. మిషను పోయింది, ముగ్గురు పెద్ద ఉద్యోగులు జీతాలు పెంచొద్దని రాసిచ్చారు. ఈ రెండూ కలిపి చూసిన మేస్త్రీకి ఒకటే అర్థమైంది. ఫ్యాక్టరీ మూసేస్తున్నారు. ఆయన మోటారు ఆపేశాడు. డ్రమ్ములో ఆకుపచ్చ కావలసిన రంగు పూర్తిగా కలవక, సగం పసుపుగానూ సగం నీలంగానూ చూస్తూండిపోయింది.

నాలుగింటికి అందరూ క్యాంటీన్‌లో చేరారు. మేస్త్రీ లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మూసేస్తే మూసేస్తున్నామని చెప్పండి. మా దారి మేం చూసుకుంటాం. మనసులో ఉంచుకుని మమ్మల్ని చంపకండి."

"ఎవరన్నారు మూసేస్తున్నామని?" అంది ఓనరమ్మ. ఇరవై రెండు ముఖాలు ఆవిడనే చూస్తున్నాయి. ఏదో ఒకటి ఇవ్వకపోతే ఎవరూ కదిలేలా లేరు. బల్ల మీద ముగ్గురు వదులుకున్న పెంపులు ఊరికే పడి ఉన్న సంగతి ఆవిడకు గుర్తొచ్చింది. "మూసేసేదాన్నే అయితే ఇలా చేస్తానా? ఈ ముగ్గురూ వదులుకున్న డబ్బు ఈ నెల నుంచే షెడ్డులోవాళ్ళందరి జీతాల్లో కలుపుతున్నాను."

చప్పట్లకు క్యాంటీన్ గ్లాసులు గలగలలాడాయి. మేస్త్రీ మాస్టారిని కావలించుకున్నాడు. మాస్టారు తాను ఇంత మంచివాడినని తెలియక ఇన్నాళ్ళు బతికినందుకు కొంచెం సిగ్గుపడ్డారు.

"ఎందుకు వదులుకున్నారో ఆయన్నే చెప్పమందాం," అంది ఓనరమ్మ.

మాస్టారు గోడ మీది నల్లబోర్డు దగ్గరికెళ్ళి అడ్డంగా ఒక గీత గీశారు. గీత కింద ఉన్నంతసేపూ మనిషి క్షేమమనీ, ఒక్క పైసా పైకెక్కినా మొత్తం జీతంలో దాదాపు సగం గోవిందా అనీ వివరించారు. లెక్కలాయన ప్రతి వాక్యానికీ తల ఊపాడు.

"ఒక్క మాట," అని వెనక నుంచి వినిపించింది.

గుమ్మంలో మాస్టారి భార్య నిలబడి ఉంది. ఏడుసార్లు ఫోను ఎత్తని మొగుడికి ఏ ప్రమాదం జరిగిందోనని ఆటో కట్టించుకుని వచ్చింది. చంకలో పేపర్లో చుట్టిన నీలం టైలు ఉంది.

"మన కరెంటు బిల్లు ఎప్పుడైనా చూశారా మీరు?"

"నువ్వే కదా కట్టేది," అన్నారు మాస్టారు. సుద్దముక్క ఆయన చేతిలో విరిగింది.

"మొదటి వంద యూనిట్లకు ఒక రేటు. ఆ పైన కాల్చుకుంటే, ఆ పైన వాటికే ఎక్కువ రేటు. నూటొకటో యూనిట్ కాలింది కదా అని మొదటి వందకూ కొత్త రేటు వెయ్యరు. అలా వేస్తే నూరు కాగానే ఊరంతా దీపాలార్పుకుని కూర్చోవాలి. పన్నూ అంతే. మీ జీతం గీతకు ఎంత పైకెళ్తే అంతవరకే నలభై అయిదు. కిందున్నదాన్ని ఎవరూ ముట్టుకోరు."

"నీకెవరు చెప్పారు?"

ఆవిడ టైలు బల్ల మీద పెట్టి, చుట్టిన కాగితం విప్పి, చేత్తో సాపు చేసింది. అది ఆ రోజు పేపరు లోపలి పేజీ. మెట్లమెట్లుగా బొమ్మ వేసి, పసిపిల్లలకు చెప్పినట్టు రాశారు.

మేనేజర్లిద్దరూ మాస్టారిని చూసిన చూపు పదకొండు తెలుపుల్లో ఏదీ కాదు.

"అంటే," అంది ఓనరమ్మ నెమ్మదిగా, "నాకూ అంతేనా?"

"అంతేనండి. గీతకు పైనున్నదానికే. మీకు పైనే చాలా ఉంటుంది కాబట్టి కాస్త ఎక్కువ కట్టాలి. అంత రాని మాకు ఆ బాధ లేదు."

షెడ్డు జనం ఒక్కసారిగా నవ్వారు. ఓనరమ్మ నవ్వకూడదనుకుని, ఆపుకోలేక, ఫోను తీసుకుని పక్కకెళ్ళి మిషను మళ్ళీ పంపమని చెప్పింది. రద్దు చేసి మళ్ళీ అడిగినందుకు వాళ్ళు ధర పెంచారు. ఆవిడ తిరిగొచ్చేసరికి లెక్కలాయన ఏ మెలిక దొరుకుతుందా అన్నట్టు గోడల వంక చూస్తున్నాడు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, పొద్దున మీరు మూడింతలన్నారు. అంత అక్కర్లేదు. మామూలు పెంపే..."

ఇరవై రెండు తలలు ఆయన వైపు తిరిగాయి. మేస్త్రీ బోర్డు దగ్గరికొచ్చి మళ్ళీ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఇందాక ఆప్యాయంగా ఉన్న ఆ చెయ్యి ఇప్పుడు బరువెక్కింది.

"చప్పట్లు కూడా అయిపోయాయి కదా మాస్టారూ," అంది ఓనరమ్మ. ఆ తర్వాత ఆయన భార్య వైపు తిరిగింది. "మీరు ఏం చదువుకున్నారు?"

"బీకామ్. మా వీధి నీళ్ళసంఘం లెక్కలన్నీ నేనే చూస్తాను."

"సోమవారం నుంచి మా లెక్కల గదికి వస్తారా? ఈయన తల ఊపబోయినప్పుడల్లా ఆపడానికి ఒక మనిషి కావాలి."

ఎంతిస్తారని ఆవిడ అడిగింది. ఓనరమ్మ చెప్పిన అంకె మాస్టారు పొద్దున బల్ల మీద వెనక్కి జరిపిన పెంపుకు రెట్టింపు. మాస్టారు ఎక్కడ చూడాలో తెలియక నల్లబోర్డు తుడవడం మొదలుపెట్టారు. గీత ఒక పట్టాన పోలేదు.

ఆ నెల నుంచి మాస్టారి జీతంలో పన్ను కోసేది భార్యే, మిగిలినదాన్ని ఇంటికొచ్చాక కోసేదీ ఆవిడే. ఈ రెండో కోతకు మాత్రం శ్లాబుల్లేవు.