మస్కట్ మీదుగా పక్కింటికి

ఆ రోజు పొద్దున్నే బర్రెకు ఇంత గడ్డి వేసి పత్తి ఏరడానికి పోవాలనుకుంది ఎల్లంతకుంట రేణుక. ఇంటి వెనక కొట్టంలోకి వెళ్తే బర్రె ఈనుతోంది. దుడ్డె ముందుకాలు ఒక్కటే బయటికి వచ్చింది, రెండోది లోపలే మడతపడింది. ఇల్లు గడిచేది ఆ బర్రె పాల మీదే. డాక్టరు ఫోన్ ఎత్తలేదు. దుడ్డె కాలు సరిచేయడం తెలిసిన మనిషి గోడ అవతలే ఉంది, తోటికోడలు స్వరూప.

గోడ మీదుగా ఒక్క కేక వేస్తే అయిపోయేది. కానీ ముందు ఎవరు పిలవాలి? మూడేళ్ల కింద నల్లా దగ్గర కొట్లాడిన నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెప్పాలన్నా మస్కట్‌లో ఒకే గదిలో ఉండే మొగుళ్ల ద్వారానే. "మీ కోడి మా ఇంట్లకచ్చింది" అన్న కబురు కూడా సముద్రం దాటి వచ్చేది.

రేణుక మొగుడు మహిపాల్‌కు ఫోన్ చేసింది. "బర్రె ఈనలేకపోతున్నది. మీ తమ్మునికి చెప్పు, స్వరూపను జల్ది కొట్టంలకు రమ్మను." ఫోన్ ఇంట్లో చార్జింగుకు పెట్టి కొట్టానికి పరుగెత్తింది.

బర్రె అంటే స్వరూప కదలదేమోనని మహిపాల్ అనుమానం. "తమ్మీ, మీ వదినకు పానం బాగలేదు. స్వరూపను పొమ్మను" అన్నాడు. ఆ మాత్రానికి గోలీ వేసుకొమ్మంటుందేమోనని తమ్ముడు గోవర్ధన్ అనుమానం. "వదిన పడిపోయిందట, సోయి లేదట, ఉరుకు" అన్నాడు పెళ్లాంతో.

స్వరూప ఉరికింది. ముందు తలుపుకు లోపలి గడియ. ఎంత బాదినా పలుకు లేదు. "అక్క పలుకుతలేదు, నాకు భయమైతుంది" అని ఫోన్లో ఏడ్చింది. గోవర్ధన్ అన్నకు చెప్పాడు. అబద్ధం పుట్టించిన మహిపాలే అది విని నిజమనుకున్నాడు. రేణుకకు ఫోన్ మీద ఫోన్ కొట్టాడు. ఎత్తే దిక్కు లేదు.

ఇక్కడ స్వరూప కొంగు నడుముకు చుట్టి గోడ దూకింది. ఫోన్ కుడితి గోలెంలో పడింది, తను పేడకుప్ప మీద పడింది. లేచి చూస్తే ఎదురుగా రేణుక.

"నీకు సోయి లేదన్నరు గదనే అక్కా."

"నాకేం రోగం? గా కాలు సూడు ముందుగాల."

స్వరూప చేతులు కడుక్కొని నూనె రాసుకుంది. మెల్లగా లోపలి కాలు సరిచేసింది. ఇద్దరూ కలిసి లాగితే దుడ్డె గడ్డి మీదికి జారి, ఒక్క తుమ్ము తుమ్మింది. ఇద్దరూ అక్కడే కూలబడ్డారు.

"నేను చస్తున్ననంటే గిట్ల ఏడ్సుకుంట ఉరికస్తవా?"

"నువ్వు చస్తే నేను ఎవలతోని మాట్లాడకుంట ఉండాలె?"

ఆ తర్వాత మూడేళ్ల ముచ్చట్లు మొదలయ్యాయి. రెండుసార్లు చాయ్ అయింది, ఎండ దిగింది. రేణుక ఇంట్లోకి వెళ్లి చూస్తే అరవై మూడు మిస్డ్ కాల్స్. అంతలో అరవై నాలుగోది మోగింది.

"రేణుకా, నువ్వేనా?"

"నేను గాక ఇంకెవలు? ఏడున్నవ్?"

"ఏర్‌పోర్టుల. నేను, తమ్ముడు. నీకు సీరియస్ ఉందని మేనేజర్ కాళ్లు పట్టుకున్నం."

స్వరూప ఫోన్ గుంజుకుంది. "రాండ్రి బావా, ఇద్దరు మంచిగనే ఉన్నరు, బర్రె, దుడ్డె."

తండ్రి పోయినప్పుడు కూడా ఆ కంపెనీలో దొరకని సెలవు, ఎల్లంతకుంటలో దుడ్డె పుడితే దొరికింది.