ఏత్వం పోయిన హాకీ

అంతర్జాతీయ జూనియర్ మహిళల హాకీ టోర్నమెంటు దిగ్విజయంగా ముగిసిందని ఆహ్వాన సంఘం ఒక ప్రకటనలో తెలియజేసింది. ప్రకటన పత్రికలకు చేరే సమయానికి మొదటి మ్యాచి ఇంకా మొదలుకాలేదు. ముందుచూపు అంటే అదీ. ఆట అయ్యేదాకా ఆగి, ఏం జరిగిందో చూసి, ఆ తర్వాత ప్రకటన రాసుకునే సంఘాలు వేరే ఉన్నాయి. వాటి పేర్లు ఎవరికీ గుర్తుండవు.

ఇందులో ఆతిథ్య జట్టుకు గోల్‌కీపరుగా ఎంపికైన అమ్మాయిని తోటి పిల్లలు ‘గోడ’ అంటారు. బంతి ఎటు నుంచి వచ్చినా తగిలి వెనక్కి పోవలసిందే తప్ప లోపలికి దారి ఉండదు కనుక ఆ పేరు పెట్టారు. గోడకు ఇది జూనియర్‌గా ఆఖరి ఏడాది. సీనియర్ల శిబిరంలో గోల్‌కీపరు చోటు ఒక్కటంటే ఒక్కటే ఖాళీ ఉంది. ఎంపిక సంఘం సభ్యురాళ్ళు ఇద్దరు మొదటి మ్యాచి రోజు స్వయంగా వచ్చి చూస్తారని, ఆ ఒక్క మ్యాచి చూసే నిర్ణయిస్తారని కోచ్ మాస్టారు ముందే చెప్పి ఉంచారు. ఆ పిల్లకు ముందురోజు నుంచీ అన్నం సయించలేదు.

మహిళా జట్టుకు మేనేజరుగా మహిళే ఉండాలని నియమం. సంఘం అధ్యక్షులవారు నియమాలంటే ప్రాణం పెడతారు. అందుచేత తమకు తెలిసిన మహిళలందరి గురించీ బాగా ఆలోచించి, వారిలో అత్యంత అనుభవజ్ఞురాలిని ఎంపిక చేశారు. ఆవిడ వారి అత్తగారు. ఆవిడకు హాకీ గురించి ఏమీ తెలియదనేది నిజమే కానీ, అందువల్లే ఆవిడ ఏ జట్టు పట్లా పక్షపాతం చూపరని అధ్యక్షులవారు సమర్థించారు. సభ్యులందరూ చప్పట్లు కొట్టారు.

ఈ హాకీ ఆడే పచ్చటి కృత్రిమ మైదానానికి ఆటకు ముందు బాగా నీళ్ళు పట్టాలి. తడి లేకపోతే బంతి సరిగా పరుగెత్తదు, పడినవాళ్ళ మోకాళ్ళు చెక్కుకుపోతాయి. కానీ ముఖ్య అతిథి మైదానంలోకి నడిచివచ్చి జట్లను పరిచయం చేసుకోవలసి ఉంది. క్రీడాకారిణి జారిపడితే అది ఆట, ముఖ్య అతిథి జారిపడితే అది వార్త. కనుక ఆ నీళ్ళను వేదిక ముందున్న పూలకుండీలకు మళ్ళించారు. ఆ రోజు మైదానంలో మోకాలు చెక్కుకుపోని వస్తువులంటూ ఉంటే అవి పూలకుండీలు మాత్రమే.

ఇక అసలు సంగతికి వద్దాం. క్రీడాకారిణులు దుస్తులు మార్చుకోవడానికి ఒక గది ఇచ్చారు. చల్లటి ఏసీ, మెత్తటి సోఫాలు, నిలువుటద్దాలు ఉన్న గది అది. కార్యదర్శిగారు ‘ఆడేవాళ్ళకు మాత్రమే’ అని బోర్డు రాయించమన్నారు. పెయింటరు భాషాభిమాని. కాగితం మీది మాట చూడగానే ఆయనకు ప్రాణం ఉసూరుమంది. ఇంత పెద్ద చదువులు చదివినవాళ్ళు ‘ఆడవాళ్ళు’ అనే చిన్నమాట తప్పు లేకుండా రాయలేరా అని బాధపడ్డాడు. ‘డ’కు ఎవరో పొరపాటున ఇచ్చిన ఏత్వాన్ని, దానికి అదనంగా డబ్బులేమీ అడక్కుండానే, తీసేశాడు. ‘ఆడవాళ్ళకు మాత్రమే’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి తగిలించాడు. అతిథి జట్టు గదికి బోర్డు వాళ్ళ భాషలో ఉంది. ఆ భాష ఆయనకు రాదు గనుక ఎలా ఉన్నదో అలాగే దించాడు. వాళ్ళ అదృష్టం.

పిల్లలు పొద్దున్నే వచ్చి, సామాను ఆ గదిలో పెట్టి, జట్ల కవాతుకు వెళ్ళారు. అందరూ కర్రలు పట్టుకునే వెళ్ళారు. గోడను మాత్రం కాళ్ళకు ఆ బండ ప్యాడ్లు, తలకు ఆ హెల్మెట్ తీసి రమ్మన్నారు. వాటితో కవాతు చేస్తే ఫోటోలో ఆడపిల్లలా కనిపించదని కార్యదర్శిగారు చెప్పారు. వాళ్ళు కవాతు నుంచి తిరిగివచ్చేలోగా ముఖ్య అతిథి చేతులమీదుగా బోర్డు ప్రారంభోత్సవం కూడా జరిగిపోయింది. గదిలోకి సంఘం సభ్యుల భార్యలు, వదినలు, ఆడపడుచులు, వాళ్ళ స్నేహితురాళ్ళు చేరారు. జట్టు మేనేజరు హోదాలో అత్తగారు పెద్ద సోఫా అలంకరించారు. ఎంపిక సంఘం సభ్యురాళ్ళిద్దరూ కూడా ఆడవాళ్ళే కనుక బోర్డు చదువుకుని మర్యాదగా లోపలికే వెళ్ళారు. తలుపు మూశారు.

గుమ్మం దగ్గర కాపలా మనిషి నిలబడి ఉన్నాడు.

“బాబాయ్, తలుపు తియ్యి. నా ప్యాడ్లు లోపలున్నాయి,” అంది గోడ.

“చదువుకున్న పిల్లవేగా? పైన ఏం రాసుందో చదువు.”

“ఆడవాళ్ళకు మాత్రమే.”

“చూశావా మరి!”

“అయితే? నేను ఆడదాన్ని కాదా?”

“నువ్వు ఆడపిల్లవి తల్లీ. ఆడవాళ్ళంటే పెద్దవాళ్ళు. నీ చొక్కా మీద నువ్వే రాసుకున్నావుగా, జూనియర్ అని? సీనియర్‌వి అయ్యాక రా. అప్పుడు నేనే దగ్గరుండి తలుపు తీస్తాను.”

సీనియర్ కావాలంటే ఆ తలుపు తెరుచుకోవాలి, తలుపు తెరుచుకోవాలంటే సీనియర్ కావాలి. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్న సామెత ఇలాంటి గుమ్మం ముందే పుట్టి ఉంటుంది. కోచ్ మాస్టారు సర్దిచెప్పబోయారు. ఆయన్ను కాపలా మనిషి కింద నుంచి పైదాకా చూసి, “మీరైతే అసలే మగవాళ్ళు, దూరం జరగండి,” అన్నాడు. లోపలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది: “ఎవరో పిల్లలు గోల చేస్తున్నారు, అవతలికి పంపించవయ్యా!”

గోడ పరుగున కార్యదర్శిగారి దగ్గరకు వెళ్ళింది. ఆయన బోర్డు చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చూశారు. ఏత్వం పోయిందని ఆయనకు వెంటనే అర్థమైంది. ఆయన తెలివితక్కువవాడేమీ కాదు.

“తప్పు జరిగిన మాట వాస్తవమేనమ్మా. కానీ ఇది ప్రారంభోత్సవం అయిన బోర్డు. ప్రారంభించినవారి అనుమతి లేకుండా దిద్దకూడదు. వారేమో ప్రసంగిస్తున్నారు. అయిపోగానే అడుగుతాను, సరేనా?”

ముఖ్య అతిథి అప్పుడే గొంతు సవరించుకుంటున్నారు. వారి ప్రసంగాలు ఒకసారి మొదలైతే ఎక్కడ ఆగుతాయో వారికి కూడా ముందుగా తెలియదు.

“సోదరీమణులారా! స్త్రీ ఇవాళ వంటింటి నుంచి గోల్ పోస్టు దాకా ఎదిగింది. ఆమెను ఎవరూ ఆపలేరు! మన పెద్దలు మాటలు ఊరికే పుట్టించారా? ఆడపిల్ల అంటే ఏమిటి? ఆడే పిల్ల! పుట్టినప్పుడే పేరులో ఆట పెట్టి పంపించాడు దేవుడు! ఈ పిల్లలకు ఏ తలుపు మూసి ఉన్నా సరే, దాన్ని నా చేతులతో నేనే తెరుస్తానని ఈ వేదిక నుంచి హామీ ఇస్తున్నాను!”

చప్పట్లు మారుమోగాయి. బస్సుల్లో తీసుకొచ్చిన బడిపిల్లలు చప్పట్లు కొట్టమన్నప్పుడు కొట్టారు, ఆపమన్నప్పుడు ఆపారు. మూసిన తలుపు అక్కడికి నాలుగు అడుగుల దూరంలోనే ఉంది. గోడ వేదిక మెట్ల దగ్గరకు వెళ్ళి ఆ మాటే చెప్పబోయింది. ఎవరో ఆమె చేతిలో పూలగుత్తి పెట్టి, ముఖ్య అతిథికి ఇవ్వమని ముందుకు తోశారు. ఇచ్చింది. వారు నవ్వి, తలమీద చెయ్యి వేసి, “ఏం చదువుతున్నావమ్మా?” అని అడిగి, జవాబు వినకుండా పక్క పూలగుత్తి వైపు తిరిగారు.

ఆట మొదలుపెట్టక తప్పలేదు. కార్యదర్శిగారు జీవితంలో మొదటిసారి నియమావళి తెరిచి, గోల్‌కీపరు లేకుండా కూడా జట్టు ఆడవచ్చని కనిపెట్టి, ఎంతో ఉపశమనం పొందారు. కాపలా ఉండవలసిన గదికి కాపలా ఉంది, ఉండవలసిన గోల్‌కు లేదు. అతిథి జట్టు పిల్లలు పాపం మంచివాళ్ళు. మొదట్లో మొహమాటపడ్డారు. కానీ తలుపు బార్లా తెరిచిన ఇంట్లోకి ఎంతసేపని వెళ్ళకుండా ఉంటారు? పడవలసిన గోల్స్ పడ్డాయి. గోడ గీత అవతల నిలబడి ఒక్కొక్కటీ చూసింది. ప్రతి బంతికీ ఆమె ఒళ్ళు తనంతట తానే ఆ పక్కకు ఒరిగింది. ఆ సగం ఆటలో ఆమెకు కలిగిన కోపం గురించి ఆహ్వాన సంఘం నివేదికలో ప్రస్తావన లేదు.

సగం ఆట కాగానే ముఖ్య అతిథి కారెక్కారు. వారు వెళ్ళగానే బస్సులు బయలుదేరాయి, బస్సులతో ప్రేక్షకులూ బయలుదేరారు. మహిళా ప్రగతి మీద మేనేజరుగారి అభిప్రాయాలు తీసుకోవడానికి టీవీ అమ్మాయి కెమెరాతో గదిలోకి వెళ్ళింది. అప్పుడే క్యాంటీన్ ఆయన రెండు చేతుల్లో రెండు టీ ట్రేలతో వచ్చి, గుమ్మం దగ్గర దిగులుగా నిలబడ్డ గోడను చూశాడు.

“ఖాళీగానే ఉన్నావుగా అమ్మాయ్, ఈ ట్రే లోపల ఇచ్చిరా, పుణ్యం ఉంటుంది.”

గోడ ట్రే అందుకుంది. కాపలా మనిషి చటుక్కున పక్కకు జరిగి, తలుపు బార్లా తీశాడు.

“రా తల్లీ రా, చూసి నడువు. టీ చల్లారిపోతుంది.”

ముఖ్య అతిథి హామీ ఇచ్చిన తలుపు ఆ విధంగా తెరుచుకుంది.

లోపల అత్తగారు మైకు ముందు మాట్లాడుతున్నారు. ఆవిడ పాదాలు రెండు లావాటి ప్యాడ్ల మీద సుఖంగా చాపి ఉన్నాయి. హెల్మెట్‌లో ఎవరివో చేతిసంచులు ఉన్నాయి. గోడ వరసగా టీలు ఇచ్చింది. ఎంపిక సంఘం సభ్యురాళ్ళకూ ఇచ్చింది. కెమెరా అంతా చూసింది. ట్రే ఖాళీ కాగానే ఆమె నేల మీద కూర్చుని ప్యాడ్లు లాగింది.

“అయ్యో, ఆ దిండు తియ్యకమ్మా! మోకాళ్ళు పీకుతున్నాయి.”

“అది దిండు కాదండీ, నా ప్యాడ్. నేను గోల్‌కీపర్‌ని. బయట మన జట్టు ఆడుతోందండీ.”

“మన జట్టా?” అన్నారు అత్తగారు, తాను మేనేజరునన్న సంగతి లీలగా గుర్తుచేసుకుంటూ. “ఆడుతున్నారా? మరి ఒక్కళ్ళూ వచ్చి చెప్పరేం! సరేలే, నా కాళ్ళకేం పెట్టుకోను?”

గోడ తన ఖాళీ బ్యాగును మడిచి ఆవిడ పాదాల కింద సర్ది, సామాను ఎత్తుకుని బయటకు పరుగుతీసింది. వెనకనుంచి ఎవరో, “పిల్ల ఎంత నెమ్మదస్తురాలో! ఒక్క చుక్క కూడా ఒలకలేదు చూశారా,” అనడం వినిపించింది.

ఆ తర్వాత జరిగినది ఆట. నీళ్ళు లేని ఆ మైదానంలో ఆమె మోకాళ్ళు, మోచేతులు చెక్కుకుపోయాయి. ఎడమకు దూకింది, కుడికి దూకింది, కాలితో తన్నింది, కర్రతో మళ్ళించింది, ఒకటి నేరుగా హెల్మెట్‌కు తగిలించుకుంది. చివర్లో పెనాల్టీ స్ట్రోక్ పడింది. ఎదురుగా ఒక్క పిల్ల, ఒక్క బంతి, మధ్యలో తను. అదీ ఆపింది. ఆపాక ఏడుపొచ్చింది. మొహానికి హెల్మెట్ ఉన్నందుకు సంతోషించింది. అప్పటికి కుర్చీలు సర్దేవాళ్ళు కుర్చీలు సర్దుతున్నారు. అవతలి జట్టు గోల్‌కీపరు మైదానం ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచివచ్చి, ఆమెను గట్టిగా కావలించుకుని తన భాషలో ఏదో అంది. ఆ మాటలో ఏత్వం ఉందో లేదో తెలియదు గానీ గోడకు బాగానే అర్థమైంది.

ఎంపిక సంఘం సభ్యురాళ్ళు రెండో విడత టీ ముగించి బయటకు వచ్చేసరికి మైదానం ఖాళీగా ఉంది. అయినా వారు తమ బాధ్యత విస్మరించలేదు. స్వయంగా చూసినదాన్ని బట్టే నిర్ణయించారు. “అభ్యర్థిని చెయ్యి నిలకడగా ఉంది. వినయం, ఒద్దిక మెచ్చదగినవి. సీనియర్ల టోర్నమెంటుకు ఈమెను తప్పక తీసుకోవాలి, ఆహ్వాన సంఘం తరఫున అతిథి మర్యాదలకు.” బోర్డు విషయంలో పొరపాటు మళ్ళీ జరగకుండా అధ్యక్షులవారు తగిన చర్య తీసుకున్నారు. ‘ఆడవాళ్ళు’, ‘ఆడేవాళ్ళు’ అనే గందరగోళమే లేకుండా, వచ్చే ఏడాది నుంచి ఆ గదికి ‘అతిథులకు మాత్రమే’ అని రాయించాలని తీర్మానించారు. భాషా సేవకు గాను పెయింటరును సత్కరించారు.

ఆ సాయంత్రం గోడ మోకాళ్ళకు మందు రాసుకుంటుండగా ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసింది. అమ్మ గొంతులో సంతోషం పట్టడం లేదు.

“టీవీలో చూశామే నిన్ను! వీధివీధంతా మనింట్లోనే కూర్చున్నారు. ట్రే ఎంత ముచ్చటగా పట్టుకున్నావే! మీ పెద్దమ్మయితే మూడుసార్లు మెచ్చుకుంది. ఇన్నాళ్ళకు పిల్లకు పద్ధతి వచ్చిందని.”

“అమ్మా, స్కోరెంతో అడగవా?”

“స్కోరా? దేంట్లోనే?”

అమ్మను తప్పుపట్టకండి. ఆవిడ చూసిన టీవీలో మైదానం లేదు. కానీ మీకు మైదానం చూపించాం. పూలకుండీలకు నీళ్ళు పోశారని మీకు తెలుసు, అత్తగారి మోకాళ్ళు పీకుతున్నాయని తెలుసు, టీ ఒక్క చుక్క కూడా ఒలకలేదని తెలుసు. ఒక పిల్ల ఒళ్ళంతా చెక్కుకుని ఆడిన మ్యాచి గురించి ఇంతసేపు చదివారు. ఆ మ్యాచి ఎవరు గెలిచారని మీరూ అడగలేదు. అడుగుతారేమోనని చివరి వాక్యం దాకా చూశాం.